హీట్‌సింక్ బిగించాక ప్రాసెసర్ వేడెక్కుతుంటే: సమస్య - పరిష్కారం

హీట్‌సింక్ అంటే ప్రాసెసర్ వేడిని లాగేసుకునే, ఫ్యాన్ అమర్చిన లోహపు దిమ్మె. ఇంటెల్ ప్రాసెసర్‌తో పాటు పెట్టెలో వచ్చే, నాలుగు పుష్ పిన్నులు (నొక్కి బిగించే ప్లాస్టిక్ పిన్నులు) గల హీట్‌సింక్‌తోనే ఎక్కువ చిక్కులు వస్తాయి కనుక ముందుగా దాని గురించి రాస్తున్నాను. ఏ పరీక్షకైనా ముందు స్విచ్ ఆపి, పవర్ కేబుల్ తీసివేసి, క్యాబినెట్ లోహపు భాగాన్ని చేతితో తాకాలి.

సమస్య: ఆన్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరవగల సెట్టింగుల తెరలో) ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటుతుంది, లేదా కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంది.

కారణం: చాలామంది వెంటనే థర్మల్ పేస్ట్‌ను (ప్రాసెసర్ నుంచి హీట్‌సింక్‌కు వేడిని దాటించడానికి మధ్యలో పూసే ముద్దను) అనుమానిస్తారు గానీ, నా దృష్టిలో ముందు చూడవలసినవి పిన్నులే. నాలుగింటిలో ఒక్కటి పట్టుకోకపోయినా హీట్‌సింక్ ఆ మూల కాస్త పైకి లేచి, ప్రాసెసర్‌కూ దానికీ మధ్య గాలి చేరుతుంది, ఆ గాలి పొర వేడిని దాటనివ్వదు. 100 డిగ్రీలు సమీపించగానే ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది కాబట్టి, కొందరు దీన్ని విండోస్ లోపమనుకుని అనవసరంగా మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు.

పరిష్కారం: మదర్‌బోర్డును క్యాబినెట్ నుంచి బయటికి తీయండి. శ్రమ అనిపించినా ఇది తప్పదు, ఎందుకంటే పిన్ను నిజంగా పట్టిందో లేదో బోర్డు వెనుక వైపు చూస్తేనే తెలుస్తుంది. పిన్ను తల మీది బాణం విప్పే దిశను చూపుతుందే తప్ప బిగించే దిశను కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బాణం చూపిన వైపు తిప్పి, పిన్నులను పైకి లాగి, హీట్‌సింక్‌ను తీయండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని గుడ్డతో తుడిచి, ప్రాసెసర్ మధ్యలో బఠాణీ గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. పిన్నులన్నిటినీ బాణానికి ఎదురు దిశలో చివరి వరకు తిప్పి, నాలుగు రంధ్రాల్లో నిలబెట్టి, ఎదురెదురు మూలల్లోని రెంటిని ఒకేసారి టక్కుమనే వరకు నొక్కండి, తర్వాత మిగిలిన రెంటిని నొక్కండి. వెనుక చూస్తే ప్రతి రంధ్రంలోనూ ప్లాస్టిక్ కాళ్లు పూర్తిగా బయటికి వచ్చి, వాటి మధ్య నల్లని మేకు కనిపించాలి. ప్రాసెసర్ కూర్చునే గూడును సాకెట్ అంటారు. ఇంటెల్ 1200 సాకెట్ బోర్డులో హీట్‌సింక్ రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లు, 1700 సాకెట్ బోర్డులో 78. కాబట్టి పాత బోర్డు హీట్‌సింక్ కొత్తదానికి పట్టకపోతే బలవంతం చేయకండి.

విడిగా కొన్న హీట్‌సింక్ అయితే అడుగున అంటించిన పల్చని ప్లాస్టిక్ పొరను తీశారో లేదో కూడా చూడండి.

సమస్య: ఆన్ చేయగానే తెరపై సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ వస్తుంది.

ఫ్యాన్ తీగను క్యాబినెట్ ఫ్యాన్ల కోసం ఉన్న చోట గుచ్చి ఉంటారు. బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న చోటికి మార్చండి.

సమస్య: ఏఎమ్‌డీ ప్రాసెసర్ల ఏఎమ్4 సాకెట్ ఉన్న బోర్డులో హీట్‌సింక్ తీస్తుంటే ప్రాసెసర్ కూడా ఊడి వస్తుంది.

కారణం: పేస్ట్ గట్టిపడి రెండింటినీ అతికించేస్తుంది. ఈ సాకెట్ ప్రాసెసర్‌ను దాని అడుగున ఉన్న సన్నని లోహపు పిన్నుల దగ్గర మాత్రమే పట్టుకుంటుంది, పైనుంచి నొక్కి ఉంచే లోహపు చట్రం ఉండదు. అందుకే లాగిన వేగానికి పిన్నులు వంగే ప్రమాదం ఉంది.

పరిష్కారం: తీయడానికి ముందు కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి పేస్ట్‌ను వెచ్చబరచి, ఆపేసి కేబుల్ తీశాక, క్లిప్పు లేదా స్క్రూలు వదులు చేసి, హీట్‌సింక్‌ను నిదానంగా అటూ ఇటూ తిప్పండి. అతుకు వదిలినట్టు చేతికి తెలిసిన తర్వాతే పైకి ఎత్తండి.