పళ్ల లికర్ పెట్టే ముందు ఒకసారి చూసుకోండి

ఇంట్లో పళ్ల లికర్ చేయడమంటే సారా కాయడం కాదు. తయారై ఉన్న మద్యంలో పళ్లు నానబెట్టి, వడకట్టి, చక్కెర పాకం కలపడం, అంతే. బట్టీ పెట్టడం చాలా దేశాల్లో లైసెన్సు లేకపోతే నేరం, పైగా ఆవిరికి నిప్పంటుకునే పని. దాని జోలికి పోవద్దు. నానబెట్టడానికైనా మీరున్న చోట చట్టం ఏమంటోందో ముందే కనుక్కోండి.

అసలు భయం మద్యం దగ్గరే. తాగడానికని అమ్మే, సీలు చెక్కుచెదరని వోడ్కానో బ్రాందీనో తీసుకోండి. శానిటైజర్, సర్జికల్ స్పిరిట్, రంగుల్లో కలిపే స్పిరిట్ దగ్గరికి కూడా రానివ్వద్దు. వాటిలో మిథనాల్ ఉండొచ్చు. రుచి, వాసన చూసి దాన్ని పట్టుకోలేం. మంట రంగు చూసి తేల్చేస్తామనేవాళ్ల మాట అస్సలు నమ్మొద్దు. తాగాక కొన్ని గంటలకు చూపు మసకబారినా, కడుపునొప్పి, వాంతులు మొదలైనా హ్యాంగోవర్ అని పడుకోబెట్టకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక ఎక్కువమంది పట్టించుకోనిది పండులోని నీరు. మద్యంలో వేశాం కదా, ఇంకేం చెడుతుందిలే అని ధీమాగా ఉంటారు. లెక్క వేసి చూడండి. లీటరు వోడ్కా 40 శాతమైతే అందులో ఆల్కహాల్ 400 మిల్లీలీటర్లే. కిలో స్ట్రాబెర్రీలు వేస్తే వాటిలోంచి దాదాపు 900 మిల్లీలీటర్ల నీరు వచ్చి కలుస్తుంది. 40 కాస్తా 21కి పడిపోతుంది. పైన అర లీటరు పాకం పోస్తే 17 కూడా ఉండదు. అందుకే రసం ఎక్కువున్న పళ్లు లీటరుకు అర కిలో దాటకపోతే మంచిది. చివరికి 20 శాతం లోపు తేలితే ఫ్రిజ్‌లో పెట్టి త్వరగా అవగొట్టండి. బుడగలు వస్తున్నాయంటే పులుస్తున్నట్టే. మూత బిగించి ఉంచితే సీసా పగలొచ్చు, కాబట్టి పారబోయడమే మేలు.

పైకి తేలిన ముక్కకే ముందు బూజు పడుతుంది. జాడీని అంచు దాకా నింపి, ముక్కలన్నీ మునిగేలా చూడండి. మెత్తబడిన, దెబ్బతిన్న పళ్లు పనికిరావు. చెర్రీ, ఆప్రికాట్, పీచ్ పళ్లకు ఇంకో బెడద ఉంది: వాటి గింజల్లోని పప్పు నుంచి సైనైడ్ పుడుతుంది. బాదం వాసన వస్తుందని కొందరు కావాలనే గింజలు చితక్కొట్టి వేస్తారు. ఆ సరదా వద్దు, గింజ తీసేసి వేయండి.

పాకం పూర్తిగా చల్లారాకే కలపండి. స్టవ్ వెలుగుతుండగా పక్కన మద్యం వంచొద్దు. 40 శాతం మద్యం ఆవిరి కూడా వెచ్చటి వంటింట్లో నిప్పందుకుంటుంది. నిల్వకు మామూలు గాజు సీసా చాలు. తళుకులీనే లెడ్ క్రిస్టల్ సీసాలో నెలల తరబడి ఉంచితే సీసం లోపలికి దిగుతుంది.

సీసా మీద పేరు, తేదీ రాయండి. ఎర్రగా, తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లలు షర్బత్ అనుకుంటారు. వడకట్టాక మిగిలిన ముక్కలతో ఇంకా జాగ్రత్త. పండులాగే కనిపిస్తాయి గానీ ఒక్కో ముక్క నిండా మద్యమే. కేకు మీద వేసి అందరికీ పంచితే గర్భిణులకూ, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లకూ, బండి నడపాల్సినవాళ్లకూ ముందే చెప్పండి.