వేసవి శిబిరంలో పిల్లల చేత బరువులు ఎత్తించే ముందు

ఏప్రిల్ చివర్లో బడులకు సెలవులు ఇవ్వగానే ఊరూరా కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్ శిబిరాలు మొదలవుతాయి. పిల్లలను మానసికంగా గట్టిపరచాలన్న పట్టుదలతో కొందరు శిక్షకులు తొలిరోజు నుంచే ఒళ్లు హూనమయ్యేలా కసరత్తు చేయిస్తారు. నిన్న ఎత్తలేని బరువును ఇవాళ సరైన పద్ధతిలో ఎత్తగలిగానన్న నమ్మకమే పిల్లల మనసును గట్టిపరుస్తుంది. ఆ నమ్మకం కలగాలంటే శిక్షణ నెమ్మదిగా, లెక్క ప్రకారం సాగాలి.

ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవారిని, ఆడుతూ ఎప్పుడైనా స్పృహ తప్పినవారిని, చిన్న వయసులో హఠాత్తుగా మరణించినవారు కుటుంబంలో ఉన్న పిల్లలను ముందే వైద్యునికి చూపించాలి. బరువులెత్తితే పొడవు పెరగరన్న భయం చాలామంది తల్లిదండ్రులకు ఉంది గానీ, పర్యవేక్షణలో పద్ధతిగా చేసే సాధన ఎదుగుదలను ఆపదు. ఎముకల చివర ఎదిగే భాగానికి దెబ్బ తగిలేది ఎక్కువగా, పర్యవేక్షించేవారు లేనప్పుడు, లేదా ఎవరు ఎక్కువ ఎత్తుతారో చూద్దామని పందేలు కాసినప్పుడు.

మొదట ఉత్త కర్రతో బస్కీలు తీయించి, మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా, నడుము వంగిపోతోందా, ఊపిరి బిగబడుతున్నారా అన్నది పక్క నుంచీ ఎదుటి నుంచీ గమనించాలి. భంగిమ చెదిరిన క్షణమే ఆ సెట్టు, అంటే ఆగకుండా వరుసగా చేసే ఆ విడత, ఆపించాలి. వరుసగా పది పదిహేను సార్లు తప్పు లేకుండా చేయగలిగాకే బరువును 5 నుంచి 10 శాతం పెంచాలి. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో విరామంతో చేయిస్తే చాలు. యుక్తవయసు రాని పిల్లల్లో నరాలకూ కండరాలకూ పొత్తు కుదరడం వల్లే ప్రధానంగా బలం పెరుగుతుంది గనుక, కండలు కనిపించలేదని ప్రొటీన్ పొడులు తాగించకండి.

కరణం మల్లీశ్వరి పన్నెండేళ్ల ప్రాయంలో బరువులెత్తడం మొదలుపెట్టారు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచేసరికి ఆమెకు ఇరవై అయిదేళ్లు. ఈ మధ్యలో గడిచిన ఏళ్లను ఒక వేసవిలోకి కుదించాలని చూడటం పిల్లలకు అన్యాయం.

అన్నిటికన్నా ముఖ్యంగా, కసరత్తును శిక్షగా వాడకూడదు. ఓడిపోయారనో ఆలస్యంగా వచ్చారనో వందలకొద్దీ గుంజీలు తీయిస్తే కండరాల కణాలు చిట్లి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీసే ప్రమాదం ఉంది. తొడలు వాచి భరించలేని నొప్పి వచ్చినా, మూత్రం డికాక్షన్ రంగులోకి మారినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. "ఇక చాలు సార్" అన్న పిల్లవాడిని పిరికివాడని ఎగతాళి చేసే శిబిరంలో ఇటువంటి లక్షణాలను ఎవరూ బయటపెట్టరు.

రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెల ఎండలో సాధన ఉదయం ఎనిమిదిలోపే ముగియాలి. ఎండలో కసరత్తు చేస్తున్న పిల్లవాడు తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, చెమట పడుతున్నా సరే, వడదెబ్బగానే భావించి నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయాలి. అందుకు వీలుగా నీళ్ల డ్రమ్ము, ఐసు రోజూ మైదానంలోనే ఉంచాలి.