హెలిగన్ తోటను ఒక్క రోజులో ఎలా చూడాలి?

ఇంగ్లండ్‌కి నైరుతి మూలన ఉన్న కార్న్‌వాల్‌లో, మెవగిస్సీ అనే చేపల రేవుకి దగ్గర్లో హెలిగన్ ఎస్టేట్ ఉంది. ట్రిమైన్ కుటుంబం వందల ఏళ్లు ఏలుకున్న పెద్ద బంగళా, చుట్టూ సుమారు 200 ఎకరాలు. బంగళాని ఫ్లాట్లుగా మార్చేశారు, లోపలికి వెళ్లలేం. తోట మాత్రం టికెట్ కొని ఎవరైనా చూడొచ్చు. అక్కడ అరటి ఉంది, వెదురు ఉంది, అనాస కూడా పండిస్తారు.

హైదరాబాద్ 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరుంటే హెలిగన్ 50 డిగ్రీల దగ్గరుంది. అంత చలిదేశంలో ఇవెలా బతుకుతున్నాయి? నేను మొదటిసారి వెళ్లినప్పుడు పేర్ల బోర్డులన్నీ చదువుకుంటూ తిరిగాను. సాయంత్రానికి ఒక్క పేరూ గుర్తులేదు. రెండోసారి ప్రతి మొక్క దగ్గరా నాకు నేనే ఒకటే ప్రశ్న వేసుకున్నాను: దీనికి వెచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తోంది? అప్పుడు తోట అర్థమైంది. మీరూ అలాగే చూడండి.

1. ముందు నెల తేల్చుకోండి

రోడోడెండ్రాన్ (హిమాలయాల్లోనూ పెరిగే ఒక పూల చెట్టు) పూలు కావాలంటే మార్చి నుంచి మే లోపు వెళ్లాలి. అరటి ఆకులు, పెద్ద పెద్ద ఆకుల మొక్కలు నిండుగా కనిపించాలంటే జులై, ఆగస్టు. రెండూ ఒకే ట్రిప్‌లో దొరకవు. నేను ఆగస్టులో వెళ్లి పూల కోసం వెతికి నిరాశపడ్డాను.

2. పొద్దున్నే చేరుకోండి

లండన్ పాడింగ్టన్ స్టేషన్ నుంచి తోటకి దగ్గర్లోని సెయింట్ ఆస్టెల్‌ ఊరికి నేరుగా రైలుంది, సుమారు నాలుగున్నర గంటలు. కాబట్టి ముందు రోజే వెళ్లి దగ్గర్లో బస చేయడం మంచిది. పట్టున్న బూట్లు వేసుకోండి. వానకోటు ఏ నెలలోనైనా కావాలి.

3. జంగిల్‌కి పరుగెత్తకండి, అనాస గుంట దగ్గర మొదలుపెట్టండి

లోపలికి రాగానే అందరూ బోర్డు చూసి జంగిల్ అనే లోయ తోట వైపు నడుస్తారు. మీరు గోడల మధ్య ఉన్న కూరగాయల, పండ్ల తోటల వైపు తిరగండి. ఇటుక గోడలు ఎండ వేడిని పట్టి ఉంచి, చుట్టూ ఉన్న మొక్కలకి మెల్లగా వదులుతాయి. తాకి చూడండి, ఎండ కాసిన రోజు తెలుస్తుంది.

అక్కడే అద్దాల మూతలున్న అనాస గుంట ఉంటుంది. వంగి చూడండి. మధ్యలో మొక్కలు, రెండు పక్కలా లోతైన కందకాలు. ఆ కందకాల నిండా గడ్డి కలిసిన పచ్చి గుర్రపు లద్ది వేస్తారు. పెంటకుప్పలో చెయ్యి పెడితే ఎంత వేడిగా ఉంటుందో మన రైతులకి చెప్పక్కర్లేదు. ఆ వేడి గోడలో వదిలిన ఖాళీల గుండా మొక్కల వైపు వెళ్తుంది. లద్ది మాత్రం మొక్కల్ని తాకదు. అది చల్లారిపోతే తీసి మళ్లీ కొత్తది నింపాలి. ఒక్క కాయ చేతికి రావాలంటే ఏళ్లు ఈ చాకిరీ చేయాలి. 1997లో ఇక్కడ పండిన అనాస ఒకటి ఎలిజబెత్ రాణికి పెళ్లి స్వర్ణోత్సవ కానుకగా వెళ్లింది. మన సంతలో కుప్పలు పోసి అమ్మే పండుకి అక్కడింత కష్టం పడుతున్నారని చూశాక, నాకు ఆ పండు మీద గౌరవం పెరిగింది.

4. చిన్న గదిని దాటిపోకండి

ఆ దగ్గర్లోనే థండర్‌బాక్స్ రూమ్ ఉంది. అంటే పూర్వం తోటమాలుల మరుగుదొడ్డి. దాని గోడ మీద వాళ్లు పెన్సిల్‌తో పేర్లు రాసుకున్నారు, కింద 1914 ఆగస్టు అని ఉంది. అదే నెలలో బ్రిటన్ మొదటి ప్రపంచయుద్ధంలోకి దిగింది. వాళ్లలో కొందరు తిరిగి రాలేదు. లద్ది ఎత్తే చేతులు లేక తోట క్రమంగా ముళ్లపొదల కింద మునిగిపోయింది. మళ్లీ 1990లో బయటపడింది. ఇక్కడ రెండు నిమిషాలు నిలబడండి. మొక్కలకి వెచ్చదనం ఇచ్చింది మనుషులేనని ఈ గోడ దగ్గరే నాకు తట్టింది.

5. రోడోడెండ్రాన్ల కింద నడవండి

ఫ్లోరాస్ గ్రీన్ అనే పచ్చిక చుట్టూ ఇవి చెట్లంత పెరిగి ఉన్నాయి. వీటిలో కొన్నిటి పూర్వీకులు మన సిక్కిం కొండలవి. 1848 నుంచి జోసెఫ్ హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త అక్కడ తిరిగి విత్తనాలు సేకరించి ఇంగ్లండ్‌కి పంపాడు. ఉత్తరాఖండ్ వెళ్లినవాళ్లు బురాంశ్ పూల షర్బత్ తాగే ఉంటారు, అది కూడా ఈ జాతే. అలాగని ఇక్కడ ఆకో పువ్వో కోసి నోట్లో పెట్టకండి. చాలా రకాల్లో విషం ఉంటుంది, చిన్నపిల్లలతో జాగ్రత్త.

6. భోజనం చేశాక జంగిల్‌లోకి దిగండి

ఇది నిటారుగా దిగే లోయ. చెక్కదారి మీద నెమ్మదిగా నడవండి, వాన పడితే జారుతుంది. అట్లాంటిక్ మీదుగా వచ్చే గల్ఫ్ స్ట్రీమ్ వెచ్చని ప్రవాహం వల్ల కార్న్‌వాల్‌లో చలికాలం అంత కఠినంగా ఉండదు. దానికి తోడు లోయ గాలిని అడ్డుకుంటుంది. దిగుతూ ఉంటే ఆ తేడా ఒంటికే తెలుస్తుంది.

ఇక్కడ ట్రీ ఫెర్న్, అంటే చెట్టులా ఎదిగే ఫెర్న్ దగ్గర ఆగండి. ఆస్ట్రేలియా మొక్క. కాండం కొబ్బరి పీచులా గరుగ్గా ఉంటుంది, నిజానికి అది చాలావరకు వేళ్ల అల్లికే. వసంతంలో అయితే నడినెత్తిన కొత్త ఆకు ఏనుగు తొండంలా చుట్టుకుని, గోధుమరంగు నూగుతో ఉంటుంది. ఏడాదికి సుమారు రెండు నుంచి అయిదు సెంటీమీటర్లే ఎదుగుతుంది. తలెత్తి చూడాల్సినంత ఎత్తున్న ఫెర్న్ వయసెంతో మీరే లెక్కేసుకోండి.

చెరువుల పక్కన గొడుగంత ఆకులతో గనెరా కనిపిస్తుంది. ఫొటో తీసుకోండి, అంతవరకే. అది అదుపు తప్పి పాకుతుందని బ్రిటన్‌లో అమ్మకం, నాటడం నిషేధించారు. ఏ మొక్కదైనా సరే, విత్తనం జేబులో వేసుకుని ఇండియాకి తేవడం కూడా తప్పే, అనుమతి పత్రాలు కావాలి.

లోయ మీద దాదాపు 100 అడుగుల తాళ్ల వంతెన ఉంది. భయం లేకపోతే ఎక్కండి, ఫెర్న్‌ల తలలు పైనుంచి కనిపిస్తాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మాత్రం లోయ అడుగుదాకా తీసుకెళ్లకండి, తిరిగి ఎక్కడం కష్టం. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది. పైకి రాగానే ఒక్కసారిగా చల్లగాలి కొడుతుంది, కాబట్టి జాకెట్ చేతికి అందేలా ఉంచుకోండి.