డాబా మీద కివి తీగ: పువ్వు రాదు, ఆకు మాడుతుంది, ఏం చేయాలి?

బెజవాడ మొఘల్రాజపురంలో మా డాబా మీద రెండు కివి తీగలు నాలుగేళ్లు పెంచాను. ఒకటి ఆడ, ఒకటి మగ. అమ్మినాయన "మైదానంలోనూ కాస్తుందండీ" అన్నాడు. లేత చిగురు మీద ఎర్రటి నూగు, అరచేతిని మించిన గుండ్రటి ఆకులు, చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉండేవి. పువ్వు మాత్రం ఒక్కటీ చూడలేదు. అదే టెన్షన్‌లో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

తీగ గుబురుగా ఉంది, మొగ్గ లేదు

కారణం చలి. కివి కొమ్మ మీది మొగ్గలు చలికాలంలో నిద్రపోతాయి. తగినంత చలి తగిలితేనే వేసవి ముందు లేచి, ఆ కొత్త చిగుళ్ల మొదటి కణుపుల్లో పూలు తొడుగుతాయి. మార్కెట్‌లో ఎక్కువగా దొరికే హేవర్డ్ రకానికి 7 డిగ్రీల లోపు చలి దాదాపు 700 గంటలకు పైగా కావాలి. మన బెజవాడలో భోగి మంటల రోజుల్లో కూడా రాత్రి 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. అంటే మన లెక్క సున్నా. గుంటూరులోనూ అంతే.

కుండీలో ఐసుముక్కలు వేయమని కొందరు చెబుతారు. నేనూ వేశాను. చలి తగలాల్సింది కొమ్మ మీది మొగ్గకు, వేరుకు కాదు. యూరియా పెంచితే ఆకు ఇంకా పెరుగుతుంది, అంతే. మొగ్గల్ని లేపే హైడ్రోజన్ సయనమైడ్ అనే మందు ఉంది. అది కొంత చలి పడే చోట లోటు పూడ్చడానికే పనికొస్తుంది. పైగా విషం, పిల్లలు తిరిగే డాబా మీద దాని జోలికి పోవద్దు. కాబట్టి ఇక్కడ కివిని ఆకు అందం కోసం పెంచుకోవచ్చు, కాయ కోసం కాదు. మీ చేతిలో లోపమేమీ లేదు.

ఆకు అంచు మాడుతోంది

వడగాలి ఒక కారణం, బోరు నీళ్లలోని ఉప్పు ఇంకో కారణం. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందేమో గోకి చూడండి. కడితే ఉప్పే. వాన నీళ్లు పట్టి పోయండి, అడుగు రంధ్రంలోంచి ధారగా కారేదాకా ఒకసారి మట్టిని కడగండి. మార్చి నుంచి ఎండ తగ్గించే గ్రీన్ నెట్ తప్పదు.

ఆకు పసుపు, ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. మన నల్లరేగడిలో సున్నం ఎక్కువ, కివికి కాస్త పులుపు నేల ఇష్టం. ఎర్రమట్టి, కంపోస్టు కలిపి కుండీ మార్చండి. ఐరన్ చీలేట్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే ఇనుము మందు) కూడా ఇవ్వండి.

పువ్వు వచ్చింది, పిందె నిలవలేదు

ఇది హిమాచల్ లాంటి చలి ప్రాంతంలో తోట ఉన్నవాళ్ల సమస్య. తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు వేరైనట్టే కివిలోనూ మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఆడపువ్వు నడుమ తెల్లటి కాడలు గొడుగు ఊచల్లా విచ్చుకుని ఉంటాయి, వాటి కింద నూగు పట్టిన చిన్న పూస. ఆ పూసే కాయవుతుంది. మగపువ్వులో పసుపు కేసరాలే తప్ప ఆ గొడుగు ఉండదు. మోసపోయేది ఎక్కడంటే, ఆడపువ్వుకూ కేసరాలుంటాయి, కానీ వాటి పుప్పొడిలో జీవం లేదు. పైగా ఈ పూలలో తేనె ఉండదు, పక్కన వేరే పూత ఉంటే తేనెటీగలు అటే పోతాయి. ఎనిమిది ఆడ తీగలకు ఒక మగ తీగ పెట్టండి. చాలకపోతే విచ్చిన మగపువ్వు కోసి ఆడపువ్వు గొడుగు మీద చేత్తో రాయండి. పుప్పొడి సరిగా అంటకపోతే గింజలు తక్కువై కాయ చిన్నదవుతుంది.

తిన్న పండు గింజ నాటితే మొక్క వస్తుంది గానీ, మగదో ఆడదో పూసేదాకా తెలియదు. పూయడానికే ఏళ్లు పడుతుంది.

మరి మన పందిరి మీద?

ఆగాకర పెట్టండి. దాంట్లోనూ మగ తీగ, ఆడ తీగ వేరు. దుంపలు కొనేటప్పుడు రెండూ అడిగి తీసుకోండి, తొలకరికి నాటండి. మొగ్గ రాగానే రేకుల కింద చూడండి: గోరంత ముళ్ల పిందె కనిపిస్తే ఆడ, ఉత్త కాడే అయితే మగ. మాకు ఇప్పుడు ఆరు ఆడ తీగలకు ఒక మగ తీగ ఉంది, దాని పువ్వే కోసి రాస్తాను. చలికాలంలో తీగ ఎండి దుంప నేలలో పడుకుంటుంది. అప్పుడు ఏది ఏదో పోల్చుకోలేం కాబట్టి, ఎండకముందే మగ దుంప పక్కన ఒక పుల్ల గుచ్చి దానికి ఎర్ర దారం కట్టండి.