ఐరన్ మాత్ర వేసుకున్నా రక్తం ఎందుకు పెరగలేదంటే

నాలుగు మెట్లెక్కితే ఆయాసం, దువ్వెన నిండా జుట్టు. పరీక్షలో హిమోగ్లోబిన్ 8.9 వచ్చింది, ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. రెండు నెలలు ఐరన్ మాత్రలు వాడినా 9.1 దాటలేదు. చాలా టెన్షన్ పడ్డాను.

“మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా?” అని డాక్టరమ్మ అడిగాకే తప్పు తెలిసింది. టిఫిన్ కాగానే మాత్ర, వెంటనే టీ. టీలోని టానిన్లు ఇనుమును పట్టేసుకుని ఒంటికి సరిగా అందనివ్వవట. కాల్షియం మాత్ర కూడా అప్పుడే వేసుకునేదాన్ని, అదీ అడ్డే.

ఇప్పుడు పరగడుపున నిమ్మరసం కలిపిన నీళ్లతో ఐరన్ మాత్ర. విటమిన్ సి తోడైతే ఇనుము బాగా ఒంటబడుతుంది. టీ రెండు గంటల తర్వాతే, కాల్షియం రాత్రికి. తోటకూర పప్పులోనూ నిమ్మకాయ పిండుతున్నాను. విరేచనం నల్లగా అయితే మొదట భయపడ్డాను, అది మాత్రల వల్లేనట.

మూడు నెలలకు 11.8. ఒంట్లో నిల్వలు నిండేదాకా ఇంకో మూడు నెలలు వాడమన్నారు.