పెద్ద సిటీలో స్ట్రీట్ ఆర్ట్ వేట: అడ్రసు కాదు, పేట వెతకండి

పెద్ద సిటీకి వెళ్తున్నారా, పనిలో పనిగా అక్కడి స్ట్రీట్ ఆర్ట్ కూడా చూడాలనుందా? అయితే "తప్పక చూడాల్సిన గోడలు" లాంటి జాబితాలు నమ్ముకుని మాత్రం బయల్దేరొద్దు. చాలా చోట్ల తాజాగా రంగేసిన ఖాళీ గోడే ఎదురవుతుంది. ఈ బొమ్మలకు ఆయుష్షు తక్కువ. న్యూయార్క్ క్వీన్స్‌లో ఫైవ్ పాయింట్జ్ అని నిలువెల్లా గ్రాఫిటీతో నిండిన పాత ఫ్యాక్టరీ ఒకటి ఉండేది, 2013 నవంబరులో ఓనరు రాత్రికి రాత్రి దానికి తెల్ల రంగు కొట్టించేశాడు. ఆర్టిస్టులు కోర్టుకెక్కితే 2018లో వాళ్లకు 67.5 లక్షల డాలర్లు కట్టమని తీర్పొచ్చింది గానీ, బొమ్మలైతే పోయినట్టే.

అందుకే విడి బొమ్మ అడ్రసు కాకుండా పేటను పట్టుకోండి. లండన్‌లో షోర్‌డిచ్, బ్రిక్ లేన్, బెర్లిన్‌లో క్రాయిట్స్‌బర్గ్, మెల్‌బోర్న్‌లో హోసియర్ లేన్, ఢిల్లీలో లోధీ కాలనీ, ఇలా ప్రతి సిటీకీ ఒకటో రెండో ఉంటాయి. ఆ పేరు ఇన్‌స్టాగ్రామ్‌లో కొట్టి ఈ మధ్య పెట్టిన ఫొటోలే చూడండి, రెండేళ్ల కిందటివి అనవసరం. గూగుల్ స్ట్రీట్ వ్యూలో ఫొటో ఏ నెలలో తీసిందో రాసుంటుంది, అదే చోటి పాత ఫొటోలు కూడా తిప్పి చూడొచ్చు. చూసిన ప్రతిసారీ వేరే బొమ్మ ఉన్న గోడ దొరికిందంటే పండగే, అక్కడికి గీసేవాళ్లు వస్తూనే ఉన్నారన్నమాట.

ఇక టైమింగ్. ఇది చాలామంది పట్టించుకోరు గానీ సగం ఫలితం దీంట్లోనే ఉంది. పొద్దున్నే, షాపులు తెరవకముందే వెళ్లండి. మంచి బొమ్మలు చాలా షట్టర్ల మీద ఉంటాయి, షాపు తెరవగానే షట్టర్‌తో పాటు బొమ్మ కూడా పైకి చుట్టుకుపోతుంది. పైగా ఆ టైముకి గోడలకు అడ్డంగా వ్యాన్లు కూడా ఉండవు. ఎండ మీద ఆశ పెట్టుకోకండి, మబ్బు పట్టిన రోజైతే గోడ మీద సగం నీడా సగం వెలుగూ పడకుండా ఫొటో బాగా వస్తుంది.

మెయిన్ రోడ్డు వదిలేసి వెనక సందుల్లోకి తిరగండి. రైలు వంతెనల కింద, కడుతున్న బిల్డింగుల చుట్టూ కొట్టిన చెక్కల మీద, పక్క బిల్డింగు కూల్చేశాక బయటపడ్డ గోడల మీద చూడండి. ఎక్కువమంది కంటి ఎత్తులో మాత్రమే చూస్తూ పోతారు. ఇన్వేడర్ అనే ఫ్రెంచ్ ఆర్టిస్టు 1998 నుంచి పారిస్ గోడలకు వీడియో గేమ్ బొమ్మల్లా చిన్న పలకల మొజాయిక్‌లు అతికిస్తున్నాడు, అవి చాలావరకు వీధి మూలల్లో తల కంటే బాగా పైన ఉంటాయి. ఫ్లాష్‌ఇన్వేడర్స్ యాప్‌లో ఫొటో తీస్తే పాయింట్లు కూడా ఇస్తుంది (జాగ్రత్త, ఇది వ్యసనం). దీనికి పూర్తి రివర్సు లండన్ మిలీనియం బ్రిడ్జి: నడిచే అల్యూమినియం పలకలకు అతుక్కుపోయిన చూయింగ్ గమ్ మీద బెన్ విల్సన్ అనే ఆయన బొమ్మలేస్తాడు. వంగి చూస్తే తప్ప అది బొమ్మని తెలియదు, వేలి గోరంత ఉంటుంది, మనం తొక్కుకుంటూ పోతాం. ట్రాఫిక్ బోర్డుల వెనకాల, కరెంటు పెట్టెల మీద స్టిక్కర్లు ఎలాగూ ఉంటాయి.

దొరికాక గోడకు దగ్గరగా వెళ్లండి. అంచులు కత్తిరించినట్టు పదునుగా ఉండి చుట్టూ రంగు తుంపర కనిపిస్తే స్టెన్సిల్, అంటే ఆకారం కోసిన అట్ట పెట్టి రంగు కొట్టిన బొమ్మ. మూలల్లో కాగితం పైకి లేచి ఉంటే పేస్ట్-అప్, అంటే కాగితం మీద వేసి గోడకు అతికించిన బొమ్మ, అది వానలకు ఎక్కువ రోజులు నిలవదు కాబట్టి వెంటనే ఫొటో తీసుకోండి. బాగా వాడిన గోడైతే పెచ్చు ఊడిన చోట చూడండి, రంగు మీద రంగు పేరుకుని అట్టంత మందం పొరలు కనిపిస్తాయి. నాకైతే ఒక్కోసారి పైనున్న బొమ్మ కంటే అదే బాగుంటుంది.

కింది మూలలో సంతకమో ఇన్‌స్టాగ్రామ్ ఐడీనో ఉందేమో వెతకండి, దాన్ని విడిగా ఫొటో తీయండి. ఆ ఐడీలోకి వెళ్తే అదే సిటీలో ఆ ఆర్టిస్టు వేసిన మిగతా గోడలు తరచూ బయటపడతాయి, మర్నాటి రూటు అక్కడే తయారైపోతుంది. గైడెడ్ టూర్ తీసుకోవాలనుకుంటే మొదటి రోజే తీసుకోండి, కొన్ని చోట్ల గైడ్లే ఆర్టిస్టులు, గోడ కథలు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఆ తర్వాత సొంతంగా తిరగండి.

రైల్వే యార్డుల్లోకి, పాడుబడ్డ బిల్డింగుల్లోకి బొమ్మ కోసం దూరొద్దు. ఫొటో కోసం కేసులో ఇరుక్కోవడం, కాలు విరగ్గొట్టుకోవడం దండగ.

గీస్తున్న మనిషే ఎదురైతే? లండన్ వాటర్లూ స్టేషన్ కింద లీక్ స్ట్రీట్ సొరంగంలో గీయడానికి పర్మిషన్ ఉంది కాబట్టి అక్కడ నిలబడి చూడొచ్చు, పలకరించొచ్చు. మిగతా చోట్ల ముందు అడగండి, ముఖం మాత్రం ఫొటోలో రానివ్వకండి. పర్మిషన్ లేకుండా గీస్తున్నవాళ్లయితే మీ ఒక్క పోస్టుతో వాళ్లు పోలీసులకు దొరికిపోవచ్చు.