నేల ఉసిరి పసరు: మొక్కను గుర్తుపట్టడం నుంచి తాగేదాకా

కామెర్లు అనగానే మన ఊళ్లలో ముందు పసరు మందు ఇచ్చేవాళ్ల దగ్గరికే పరుగెడతారు. పసరంటే నాకూ గౌరవమే, కానీ రక్తపరీక్ష అయ్యాకే. కామెర్లు ఎంతున్నాయో చెప్పే బిలిరుబిన్, కాలేయం దెబ్బతిందేమో చెప్పే ఎస్‌జీపీటీతో పాటు, కాలేయానికి సోకే హెపటైటిస్ బి, సి వైరస్‌ల పరీక్షలు కూడా చేయించుకోండి. వానాకాలంలో పాడైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ చాలామందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గిపోతాయి. ఆ మంచిపేరు పసరు ఖాతాలో పడుతుంది. అదే పిత్తాశయంలోంచి రాయి జారి పిత్తనాళానికి అడ్డుపడితే ఏ ఆకూ దాన్ని కదిలించలేదు. ఒళ్లంతా దురద, మలం తెల్లగా పాలిపోయి రావడం దాని గుర్తులు. గర్భిణికి కామెర్లు వస్తే ఒక్క పూట కూడా ఇంట్లో ఆగొద్దు. హెపటైటిస్ ఇ వాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక మొక్క సంగతి. కాలేజీలో బాటనీ చెప్పినన్నాళ్లూ పిల్లల చేత నేను తప్పకుండా గుర్తుపట్టించిన కలుపుమొక్క నేల ఉసిరి. శాస్త్రీయనామం ఫిల్లాంథస్ అమారస్. జానెడు నుంచి మూరెడు దాకా పెరుగుతుంది. పైనుంచి చూస్తే చిన్న చిన్న ఆకులే కనిపిస్తాయి. రెమ్మను వెనక్కి తిప్పండి: ఆవగింజ కంటే కాస్త పెద్ద పచ్చటి కాయలు వరసగా ఉంటాయి. ఒక్కోదానికీ సన్నని చిన్న కాడ, పైన నున్నటి తొక్క. దాని దగ్గరి చుట్టం ఇంకోటుంది. దాని కాండం ఎర్రబారి ఉంటుంది, కాయలు కాడ లేకుండా రెమ్మకే అతుక్కుని గరుగ్గా తగులుతాయి. ఇంటి వాడకానికి నేను ఆ ఎర్రదాన్ని పక్కన పెట్టేస్తాను. అనుమానం ఉంటే మొక్కల గురించి తెలిసినవాళ్లకు చూపించాకే కోయండి. మురుగుకాలవ పక్కన, కలుపుమందు కొట్టిన చేలో పెరిగింది అసలే వద్దు.

వేరుతో సహా పీకి, మట్టి పూర్తిగా పోయేదాకా నాలుగైదు నీళ్లలో కడగండి. రోట్లో మెత్తగా నూరి, పలుచని గుడ్డలో వేసి పిండండి. పెద్దవాళ్లకు ఆయుర్వేదంలో చెప్పే మోతాదు రోజుకు 10 నుంచి 20 మి.లీ. రసం, అంటే రెండు నుంచి నాలుగు టీస్పూన్లు. మా అమ్మమ్మ దాన్ని పలుచటి మజ్జిగలో కలిపి పరగడుపున ఇచ్చేది, నేనూ అలాగే చేస్తాను. చేదు కాస్త తగ్గుతుంది. ఏ రోజు రసం ఆ రోజే తీయాలి, ఫ్రిజ్‌లో దాచొద్దు. పచ్చి మొక్క దొరకని కాలానికి నీడన ఆరబెట్టి పొడి చేసుకోవచ్చు, అది 3 నుంచి 6 గ్రాములు. రెండు వారాలు దాటితే మళ్లీ రక్తపరీక్ష చేయించకుండా నేను ఎవరికీ ఇవ్వను. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి. పిల్లలకు, పాలిచ్చే తల్లులకు ఇంట్లో సొంతంగా ఇవ్వొద్దు.

ఈ మొక్క మీద ఆశ ఊరికే పుట్టలేదు. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. హెపటైటిస్ బి ఉన్న 37 మందికి నెల రోజులు ఈ పొడి ఇస్తే, 22 మంది రక్తంలో ఆ వైరస్ జాడ కనిపించలేదని రాశారు. తర్వాత వేరేచోట్ల చేసిన ప్రయోగాల్లో ఆ ఫలితం నిలబడలేదు. అందుకే హెపటైటిస్ బి ఉన్నవాళ్లు దీన్ని నమ్ముకుని డాక్టరిచ్చిన మందులు ఆపకూడదని గట్టిగా చెబుతున్నాను.

గుంటగలగరాకు కూడా కాలేయానికి వాడతారు. తెల్లటి చిన్న పూలు, కాండం నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది. కటుకరోహిణి హిమాలయాల వేరు, భరించలేనంత చేదు, మోతాదు మించితే విరేచనాలు. అది వైద్యుడు చెబితేనే. ఆరోగ్యవర్ధిని అనే ఆయుర్వేద మాత్రలూ అంతే, వాటిలో పాదరసం, తామ్రభస్మం (రాగి భస్మం) ఉంటాయి.

తిప్పతీగ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. కోవిడ్ రోజుల్లో ఇమ్యూనిటీ కోసమని దాని కషాయం తెగ తాగారు. అలా తాగిన కొందరికి కాలేయం దెబ్బతిందని 2021లో ముంబై వైద్యులు రాశారు. ఆ మొక్కను పోలిన వేరే తీగ వాడి ఉండొచ్చని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. ఏదైనా సరే, కొన్ని రకాల థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ ఒంటిమీదే తిరగబడే జబ్బులు, ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. పసుపు కూరలో మామూలుగా వేసుకునేంతకు భయం లేదు. మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్‌తో కాలేయం వాచిన కేసులు మాత్రం ఉన్నాయి.

కళ్లలో, ముక్కులో పసరు పోయించుకోవద్దు, చేతిమీద వాతలు పెట్టించుకోవద్దు. పథ్యం పేరుతో మనిషిని పస్తు పెట్టొద్దు, అన్నం, పప్పు, మజ్జిగ తిననివ్వండి. వైద్యం పేరుతో ఏం తాగినా సారాయి మాత్రం పూర్తిగా మానాలి. మనిషి మత్తుగా పడి ఉన్నా, మాట తడబడినా, పొట్ట ఉబ్బినా, రక్తం కక్కినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ పసరు, ఎన్ని రోజులు తాగించారో అక్కడ దాచకుండా చెప్పండి. ఆ మొక్క రెమ్మ ఒకటి వెంట పట్టుకెళ్తే వాళ్ల పని ఇంకా తేలికవుతుంది.